‘చేద్దాం’ అంటే ఎవరు చేస్తారు?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

జీతం లేకుండా, ఇష్టంతో సాఫ్ట్‌వేర్ తయారుచేసే బృందాల గురించి కిందటి సంచికలో రాసిన తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే ఇబ్బంది: అందరూ సరే అంటారు, పని మాత్రం కదలదు. వాటిలో ఐదింటికి ఈసారి జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే మిగిలిన నాలుగింటి మూలం అందులోనే ఉంది.

ప్రశ్న: మేము పద్నాలుగు మందిమి కలిసి తెలుగుకు ఒక మంచి స్పెల్ చెకర్ తయారుచేయాలని సంక్రాంతి సెలవుల్లో అనుకున్నాం. హన్‌స్పెల్ అనే స్పెల్ చెకర్ ఇంజను పద్ధతిలో ఒక పదాల ఫైలు, ప్రత్యయాల నియమాల ఫైలు సిద్ధం చేయాలన్నది మా ఉద్దేశం. వాట్సాప్ గ్రూపులో ఎవరు ఏ ఆలోచన చెప్పినా పది బొటనవేళ్ళు లేస్తాయి. “తప్పకుండా చేద్దాం”, “నియమాల సంగతి నేను చూస్తాను”, “ఈ వారం కూర్చుందాం” అంటూ సమాధానాలు వస్తాయి. ఏడు నెలలు గడిచాయి. పని చేస్తున్నది ఇద్దరమే. గట్టిగా అడిగితే జీతం లేని పనికి ఈ అజమాయిషీ ఏమిటని నొచ్చుకుంటారేమోనని భయంగా ఉంది. అడగకపోతే ప్రాజెక్టు ఇక్కడితో ఆగిపోతుంది. మనసు నొప్పించకుండా కచ్చితమైన మాట ఎలా తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీరు ఉదహరించిన మూడు వాక్యాలనూ ఒకసారి వ్యాకరణం దృష్టితో చూడండి. “తప్పకుండా చేద్దాం” అన్న వాక్యానికి కర్త ‘మనం’. ‘మేము’, ‘మనం’ వేరువేరుగా ఉన్న భాష మనది. ‘మేము చేస్తాం’ అన్నవారు వింటున్నవారిని బయట ఉంచి తాము పూచీ పడతారు. ‘మనం చేద్దాం’ అన్నప్పుడు వింటున్నవారు కూడా అందులో చేరిపోతారు కాబట్టి, మీ గ్రూపులో చెప్పినవారి వాటా పద్నాలుగో వంతుకు పడిపోతుంది. “నేను చూస్తాను” అన్న వాక్యంలో కర్త ఉన్నాడు గాని కాలం లేదు. ‘చేస్తాను’ అన్న రూపాన్ని మనం రేపు చేయబోయే పనికీ వాడతాం, రోజూ చేసే పనికీ వాడతాం. “నేను ఐదింటికే లేస్తాను” అన్నవారు తమ అలవాటు చెబుతున్నారో, రేపటికి మాట ఇస్తున్నారో పక్కన ‘రేపు’ అన్న పదం పడితే తప్ప తేలదు. ఇక “ఈ వారం కూర్చుందాం” అన్నదానిలో కాలం వచ్చింది, కాని కర్త మళ్ళీ ‘మనం’ అయింది, చేయవలసిన పని కాస్తా మాయమైంది. కాబట్టి మీవాళ్ళు మాట తప్పారని అనడానికి లేదు. వాళ్ళు ఇంకా మాట ఇవ్వనే లేదు. తమకు ఇష్టమని చెప్పారు, మీరు దాన్ని మాటగా లెక్క రాసుకున్నారు.

ఈ రెండింటికీ ఉన్న తేడాను గుర్తించి, దాని మీద ఒక పద్ధతినే నిర్మించుకున్నవాళ్ళు డెబియన్ ప్రాజెక్టువాళ్ళు. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పంపిణీని ఇప్పటికీ నడుపుతున్నది వివిధ దేశాల్లో ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలే; 2023లో వచ్చిన డెబియన్ 12లో 64,000కు పైగా ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసుకోవడానికి సిద్ధంగా కట్టిన ప్రోగ్రాములు) ఉన్నాయి. ఇంత పనిలో ఎవరు ఏమన్నారో గుర్తుపెట్టుకోవడం మనుషుల వల్ల అయ్యేది కాదు గనుక, కోరికకు ఒక పేరు, మాటకు వేరొక పేరు పెట్టుకున్నారు. ఫలానా ప్రోగ్రాం డెబియన్‌లో ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తే, బగ్‌ల జాబితాలో ‘ఆర్‌ఎఫ్‌పి’ (రిక్వెస్ట్ ఫర్ ప్యాకేజ్) అన్న గుర్తుతో రాస్తారు. ఎవరైనా చేస్తే సంతోషం అని చెప్పడం తప్ప దానికి వేరే అర్థం లేదు. రాసినవారి మీద ఏ బరువూ పడదు. తానే చేయదలచుకున్న వ్యక్తి అదే జాబితాలో ‘ఐటిపి’ (ఇంటెంట్ టు ప్యాకేజ్) అన్న గుర్తుతో రాసి, ఆ నివేదికకు తానే యజమాని అవుతాడు. ప్రోగ్రాం పేరు, అసలు రచయితలు, లైసెన్సు, అది దొరికే చోటు, దాని అవసరం అందులో నింపాలి. నకలు డెవలపర్ల చర్చావేదికకు చేరుతుంది. ఇవన్నీ వెతికి రాయడానికి పట్టే సమయమే మొదటి జల్లెడ అని నా అభిప్రాయం. ఊరికే ముచ్చటపడినవారు లైసెన్సు దగ్గరికి వచ్చేసరికే ఆగిపోతారు.

పని పూర్తయి ప్యాకేజీని ఎక్కించేటప్పుడు, మార్పుల చిట్టాలో ఫలానా నంబరు బగ్ దీనితో మూతపడుతుందని ఒక్క వరుస రాస్తే, ఆ ఐటిపి దానంతటదే మూతపడుతుంది. అంటే ఇచ్చిన మాటకు ఒక నంబరు, తెరిచిన తేదీ, మూసే దారి ఉన్నాయి. చాలాకాలం కదలిక లేకపోతే ఇంకా చేస్తున్నారా అని ఎవరైనా అక్కడే అడగవచ్చు. జవాబు రాకపోతే ఆ ఐటిపి తిరిగి ఆర్‌ఎఫ్‌పిగా మారుతుంది. ఇందులో నిందించడమేమీ లేదు. ఒకరి మాటగా ఉన్నది మళ్ళీ అందరి కోరిక అవుతుంది.

మీ పద్నాలుగు మందికి ఇంత యంత్రాంగం అక్కర్లేదు. “నియమాల సంగతి నేను చూస్తాను” అన్న మిత్రుడితో విడిగా ఒక పావుగంట మాట్లాడి, ఆయన వాక్యాన్ని ఆయన చేతనే తిరిగి రాయిస్తే చాలు. ఆ కొత్త వాక్యం ఇలా ఉండవచ్చు: “సున్నతో ముగిసే నామవాచకాలకు బహువచన నియమం, అంటే పుస్తకం–పుస్తకాలు, కలం–కలాలు అన్న రకం, నేను రాసి, యాభై పదాల మీద పరీక్షించి, వచ్చే ఆదివారం రాత్రికి ప్రాజెక్టు కోడ్ ఉండే రిపాజిటరీలో పెడతాను, కుదరదనిపిస్తే శుక్రవారమే చెబుతాను.” ఇల్లు–ఇంటి–ఇళ్ళు, ఊరు–ఊళ్ళో, చెయ్యి–చేతులు వంటి జాతి వేరు, వాటిని ఆయన నెత్తిన పెట్టలేదు. తెలుగు ప్రత్యయాలన్నీ ఒక మనిషికి అప్పగిస్తే ఆయన మొదటి ఆదివారమే ఆ సముద్రాన్ని చూసి లాప్‌టాప్ మూసేస్తాడు. జీతం లేనివారికి ఇచ్చే పని రెండు మూడు సాయంత్రాల్లో ముగిసేంత చిన్నది కావాలి. దాన్ని అలా ముక్కలు చేయడం నిర్వాహకులుగా మీ పని, అదే అన్నిటికన్నా కష్టమైన పని కూడా. చాలా బృందాల్లో ‘ఎవరూ చేయడం లేదు’ అన్న ఫిర్యాదును విప్పి చూస్తే, చేయడానికి వీలైన ముక్కగా ఎవరూ కోసి పెట్టలేదన్న సంగతి బయటపడుతుంది.

ఆ వాక్యంలో రోజు, వేళ కూడా ఉండడం ఊరికే కాదు. ‘ఫలానా సమయంలో, ఫలానా చోట మొదలుపెడతాను’ అని ముందే అనుకున్నవారు, ‘చేయాలి’ అని మాత్రమే అనుకున్నవారికంటే ఎక్కువగా పని పూర్తిచేస్తారని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ తన పరిశోధనల్లో చూపించారు. 1999లో ఆయన రాసిన వ్యాసం ఈ విషయంలో బాగా పేరుపొందింది. కాబట్టి ఎప్పటికి ఇస్తారు అని అడిగి ఆగకండి. ఎప్పుడు కూర్చుంటారు అని కూడా అడగండి. ఆదివారం టిఫిన్ అయ్యాక పిల్లలను సంగీతం క్లాసులో దింపి వచ్చి కూర్చుంటానని జవాబు వస్తే ఆ పని సగం నమ్మవచ్చు. వీలు చూసుకుని అని జవాబు వస్తే మొదటికి వచ్చినట్టే.

ఇక ఈ మాటలు రాసే చోటు. వాట్సాప్‌లో రాసిన మాట సాయంత్రానికి శుభోదయం బొమ్మల కింద పూడిపోతుంది. శ్రీరామనవమి పందిరికి చందాలు వసూలు చేసేటప్పుడు ఊళ్ళో ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. ఒక పుస్తకం ఉంటుంది. పేరు, పక్కన మొత్తం, ఇచ్చారో ఇవ్వాలో తెలిపే గడి ఉంటాయి. ఇచ్చినవారి పేరు మైకులో చదువుతారు. ఎవరూ ఎవరినీ నిలదీయరు, కాని ఖాళీ గడిని అందరూ చూస్తారు. కోడ్ ఉంచే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో ఇష్యూ, అంటే ఒక పని చీటీ, తెరిచి దానికి ఒక్కరి పేరు పెట్టడం అచ్చంగా ఇదే. ఇద్దరి పేర్లు పెట్టకండి. ఇద్దరి పేర్లు ఉన్న ఇష్యూలో ఒకరు రెండోవారి కోసం ఎదురుచూస్తూ ఉంటారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

నొచ్చుకుంటారన్న మీ భయానికి నా జవాబు: మనుషులు నొచ్చుకునేది అడిగినందుకు కాదు, కాదనే వీలు లేకుండా అడిగినందుకు. “మీకు ఈ నెల కుదురుతుందా, కుదరదా? కుదరకపోతే నాకు ఇప్పుడు తెలియడమే మేలు” అని అడిగి చూడండి. నా అంచనా ప్రకారం పద్నాలుగు మందిలో నలుగురైదుగురు మిగులుతారు. తప్పుకున్నవారు శత్రువులు కారు. స్పెల్ చెకర్ వచ్చాక వాడి తప్పులు చెప్పేది వాళ్ళే. మీరు మాత్రం ఇకమీదట పద్నాలుగు మంది లెక్కన ప్రణాళిక వేయడం మానేసి ఐదుగురి లెక్కన వేస్తారు.

ప్రశ్న: ఒక తెలుగు అనువాద బృందంలో నేను పెద్ద ఫైలు ఒకటి తీసుకుని మూడు నెలలైంది. పాప పుట్టాక రాత్రి పది తర్వాత కళ్ళు తెరిచి కూర్చోవడమే కష్టంగా ఉంది. పావు వంతు కూడా కాలేదు. సిగ్గుతో బృందం సందేశాలు తెరవడం మానేశాను. ఎలాగైనా పూర్తిచేసి ఒకేసారి ముఖం చూపించాలనుకుంటున్నాను. ఇది సరైనదేనా?
— ఒక పాఠకురాలు, డల్లాస్

సమాధానం: కాదమ్మా. ఈ రోజే తిరిగి ఇచ్చేయండి.

ఇది ఉపదేశంగా చెప్పడం లేదు. నేను చేసిన తప్పు ఇదే. చాలా ఏళ్ళ కిందట ఒక మెయిల్ ప్రోగ్రాం తెలుగు అనువాదంలో బహువచనాల భాగం నా పేరు మీద రాయించుకున్నాను. ‘ఒక సందేశం’, ‘ఐదు సందేశాలు’ అని ప్రతి వాక్యానికీ రెండు రూపాలు రాయాలి; అలాంటివి నూట యాభై దాకా ఉన్నాయి. ఒక సాయంత్రం ముప్పై చేశాను. ఆ వారంలో ఉద్యోగం మారింది, ఇల్లు మారింది. ఎనిమిది నెలలపాటు ఆ ఫైలు నా పేరు మీదే ఉంది, వాడేవారికి తెర మీద ‘1 సందేశాలు’ అని కనిపిస్తూనే ఉంది. ఇంకొకరు ఆ పని చేయడానికి ముందుకు వచ్చి, జాబితాలో నా పేరు చూసి ఆగిపోయారని తర్వాత తెలిసింది. పని చేయకపోవడం వల్ల జరిగిన నష్టం చిన్నది. చేయనని చెప్పకపోవడం వల్ల ఎనిమిది నెలలు పోయాయి. బస్టాండులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసి, ఆ తర్వాత బస్సే ఎక్కకుండా వెళ్ళిపోయినవాడి పని నేను చేశాను. సీటు ఖాళీ, నిలబడ్డవారు నిలబడే ఉన్నారు.

గ్నోమ్ డెస్క్‌టాప్ అనువాదాల వ్యవస్థలో ఒకరు ఒక భాగాన్ని తమ పేరిట రిజర్వు చేసుకుంటే మిగిలినవారు దాని జోలికి వెళ్ళరు. ఇద్దరు ఒకే ఫైలును అనువదించి ఒకరి శ్రమ వృథా కాకుండా ఉండడానికి పెట్టిన ఏర్పాటు అది. తువ్వాలు తీయడం మరిచిపోతే అదే ఏర్పాటు అడ్డుగోడ అవుతుంది. మీ బృందంలోనూ ఇప్పుడు అదే జరుగుతూ ఉండవచ్చు.

పైన చెప్పిన డెబియన్‌లో మాట తీసుకునే గుర్తులతో పాటు మాట తిరిగి ఇచ్చే గుర్తులు కూడా ఉన్నాయి. ఇకమీద చూసుకోలేనని నిశ్చయించుకున్న ప్యాకేజీకి ‘ఓ’, అంటే అనాథ అన్న గుర్తు పెడతారు. ఎవరైనా తీసుకుంటే ఇచ్చేస్తాను, అంతవరకు నేనే చూస్తాను అనడానికి ‘ఆర్‌ఎఫ్‌ఏ’. వదలను గాని నాకు తోడు కావాలి అనడానికి ‘ఆర్‌ఎఫ్‌హెచ్’. దాన్ని దత్తత తీసుకోదలచినవారికి ‘ఐటిఏ’. అలసిపోయిన మనిషి తన పరిస్థితిని వివరించుకుంటూ పేజీలు రాయనక్కర్లేదు, సాకులు వెతకనక్కర్లేదు. మూడు అక్షరాలు చాలు. అంతకన్నా గట్టి మాట ఆ ప్రాజెక్టు రాజ్యాంగంలోనే ఉంది: ఈ రాజ్యాంగంలోని ఏదీ ఎవరి మీదా ప్రాజెక్టు కోసం పని చేసే బాధ్యతను మోపదనీ, తనకు అప్పగించిన పని చేయడం ఇష్టం లేనివారు చేయనక్కర్లేదనీ దాని అర్థం. నిబంధనల ప్రకారం తీసుకున్న నిర్ణయాలకు ఎదురు పని చేయకూడదన్నది ఒక్కటే షరతు. ఇలా రాసుకున్న ప్రాజెక్టు మూడు దశాబ్దాలు దాటి నడుస్తోంది.

మీరు రాయవలసినది నాలుగు వాక్యాలు. ఎంతవరకు అయింది, అయినంత ఎక్కడ ఉంది, ఏ పదాల దగ్గర సందేహాలున్నాయి, ఇకపై మీ పేరు తీసేయమని. పావు వంతు పనిని మీ లాప్‌టాప్‌లో ఉంచుకోకుండా తప్పులున్నా సరే పంపండి. పాప కబుర్లు రాస్తే మంచిదే గాని రాయకపోయినా ఎవరూ అడగకూడదు.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఆరు చోట్ల ‘దయచేసి ఈ ఇష్యూ నాకు కేటాయించండి’ అని రాశాను. రెండు చోట్ల కేటాయించారు, నాలుగు చోట్ల జవాబే లేదు. కేటాయించిన రెండూ ఇప్పుడు నాకు అర్థం కావడం లేదు. ఏం చేయాలి సార్?
— ఒక విద్యార్థి, విజయవాడ

సమాధానం: నాలుగు చోట్ల జవాబు రాకపోవడం మీకు మేలే చేసింది, ఆరూ వచ్చి ఉంటే ఆరు తువ్వాళ్ళు అయ్యేవి. అర్థంకాని రెండింటిలో ఒకదాన్ని ఈ రోజే వదిలేయండి. రెండోదాని విషయంలో కోడ్ జోలికి వెళ్ళకుండా, ఆ లోపం మీ యంత్రంలో కనిపిస్తుందో లేదో చూడండి. ఏ వెర్షన్‌లో, ఏ బటన్ నొక్కితే, ఏమైంది అన్నది రాసి అక్కడ పెట్టండి. అది కూడా పనే. చాలాసార్లు మెయింటెయినర్‌కు, అంటే ప్రాజెక్టును చూసుకునే వ్యక్తికి, కావలసింది అదే. ఇకమీదట ‘నాకు కేటాయించండి’ అన్నది మీ మొదటి వాక్యం కాకూడదు. ‘ఈ లోపం నాకూ కనిపించింది, కారణం ఫలానా ఫంక్షన్‌లో ఉందనుకుంటున్నాను, శనివారానికి ప్యాచ్ (సవరణ కోడ్) పంపుతాను’ అని రాసినవారికి జవాబు రాకుండా ఉండడం అరుదు.

ఒక పక్క మాట. 2014లో మొదలైన హాక్టోబర్‌ఫెస్ట్ అనే అక్టోబరు ఉత్సవంలో కొన్ని పుల్ రిక్వెస్టులు (తమ మార్పును కలుపుకోమనే అభ్యర్థనలు) పంపినవారికి టీషర్టు ఇచ్చేవారు. 2020లో ఆ టీషర్టు కోసం ఒక్క పదమో చుక్కో మార్చి పంపిన రిక్వెస్టులు ఎంతగా వెల్లువెత్తాయంటే, తమకు ఇష్టమని ముందుగా ప్రకటించిన ప్రాజెక్టులు మాత్రమే ఇందులో లెక్కకు వస్తాయని నిర్వాహకులు ఉత్సవం మధ్యలోనే నియమం మార్చవలసి వచ్చింది. మెయింటెయినర్లు కొత్తవారిని కొంత అనుమానంగా చూడడానికి ఇలాంటి అనుభవాలు కారణం. దాన్ని మీమీద కోపంగా తీసుకోకండి.

ప్రశ్న: మా బృందం తెలుగు కీబోర్డు యాప్ తయారుచేస్తోంది. విడుదల తేదీ నాలుగుసార్లు పెట్టాం, నాలుగుసార్లూ తప్పింది. జీతం లేనివాళ్ళకు గడువు పెట్టడమే తప్పా?
— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: గడువు తప్పు కాదు. ‘ఈ ఆరు సౌకర్యాలూ పూర్తయ్యాక ఫలానా తేదీన విడుదల’ అని తేదీనీ, పనినీ రెండింటినీ ఒకేసారి బిగించి ఉంటారు. ఆరో మనిషికి జ్వరం వస్తే ఐదుగురి పని ఆగిపోతుంది. రెండింటిలో ఒకటి వదులు చేయాలి. పనిని బిగించి తేదీని వదిలేస్తే ఏమవుతుందో డెబియన్ చరిత్రలోనే ఉంది: 2002 జులైలో ‘ఉడీ’ అనే వెర్షన్ విడుదలైంది, దాని తర్వాతి ‘సార్జ్’ 2005 జూన్ దాకా రాలేదు. అప్పటికే గ్నోమ్ వాళ్ళు రెండో దారి పట్టారు. ఆరు నెలలకొకసారి, మార్చిలోనూ సెప్టెంబరులోనూ విడుదల. అప్పటికి సిద్ధమైనవి ఎక్కుతాయి, కానివి తర్వాతి బండికి ఆగుతాయి. 2004 అక్టోబరులో మొదలైన ఉబుంటు తన సంఖ్యలోనే తేదీని చెక్కుకుంది: మొదటిది 4.10. 2006 ఏప్రిల్‌లో రావలసినది రెండు నెలలు ఆలస్యమైతే దాని పేరు 6.06 అయింది. ఆలస్యాన్ని దాచుకునే వీలు లేని పద్ధతి అది, నాకు అందుకే ఇష్టం.

లైనక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌లో తొమ్మిది పది వారాలకొక కొత్త వెర్షన్ వస్తుంది. మొదటి రెండు వారాలు మాత్రమే కొత్త మార్పులు లోపలికి తీసుకుంటారు; తర్వాత దోషాల సవరణలే. ఆ రెండు వారాలు తప్పినవారు రెండు నెలలు ఆగాలి, అంతే గనుక, గడువు చివరి రాత్రి సగం ఉడికిన కోడ్‌ను బలవంతాన లోపలికి తోసే అవసరం తగ్గుతుంది. మీ యాప్‌కు రెండు నెలలకొకసారి, నెల మొదటి ఆదివారం అని పెట్టుకుని చూడండి. మొదటి విడుదలలో ఒక్క బొమ్మ మారినా సరే, తేదీ మాత్రం తప్పనివ్వకండి. రెండు మూడు బండ్లు వేళకు వచ్చాక, నాలుగోదానికి తమ పని అందించాలని మనుషులు తమంతట తామే తేదీ చూసుకుని మాట ఇవ్వడం మొదలుపెడతారు. కొత్తవారికి భత్యమిచ్చి ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో లాగా మధ్యలో ఒక పరిశీలన కూడా ఉంటే మంచిది, కాని అక్కడ భత్యం ఉంది, మీ దగ్గర లేదు. మధ్య పరిశీలన ఫోనులో పది నిమిషాలు దాటితే అది ఆఫీసు మీటింగు అయిపోతుంది.

ప్రశ్న: ఒక చిన్న సాఫ్ట్‌వేర్ లైబ్రరీని తొమ్మిదేళ్ళుగా నేనొక్కడినే చూసుకుంటున్నాను. ఇప్పుడు తీరిక లేదు. ఎవరో కొత్త వ్యక్తి రెండు నెలలుగా మంచి ప్యాచులు పంపుతూ, పూర్తి అధికారం ఇస్తే అంతా చూసుకుంటానంటున్నారు. ‘మీకు చేతకాకపోతే ఆయనకు ఇచ్చేయండి’ అని మరికొందరు ఒత్తిడి చేస్తున్నారు. ఇచ్చేయమంటారా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: ఒత్తిడి వల్ల మాత్రం ఇవ్వకండి. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ఫైళ్ళ కుదింపు సాధనానికి జరిగింది మీ ఉత్తరానికి చాలా దగ్గరగా ఉంది. దాన్ని ఒక్క మనిషి ఖాళీ సమయంలో నడిపేవారు. 2022లో కొన్ని ఖాతాల నుంచి, ప్యాచులు ఎందుకు ఆలస్యమవుతున్నాయి, ఇంకొకరికి ఎందుకు అప్పగించరు అంటూ మళ్ళీ మళ్ళీ సందేశాలు వచ్చాయి. తన మానసిక ఆరోగ్యం బాగాలేదనీ, ఇది జీతం లేని అభిరుచి పని అని గుర్తుంచుకోవాలనీ ఆయన బహిరంగంగా చెప్పుకోవలసి వచ్చింది. అదే కాలంలో ఓపిగ్గా ప్యాచులు పంపుతూ వచ్చిన ‘జియా తాన్’ అన్న పేరుగల ఖాతాకు క్రమంగా విడుదల చేసే అధికారం దక్కింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 విడుదలల్లో రహస్య ద్వారం ఒకటి చేరింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు (దూరంలోని సర్వర్‌లోకి ప్రవేశించడానికి) ఎప్పటికన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి కారణం తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు 2024 మార్చి 29న దాన్ని బయటపెట్టకపోతే, లెక్కలేనన్ని సర్వర్లలోకి అది చేరిపోయేది.

మీ దగ్గరికి వచ్చిన వ్యక్తి దొంగ అని నా అర్థం కాదు. ఎక్కువ మంది నిజంగా సాయం చేయడానికే వస్తారు. కాని ‘అంతా చూసుకుంటాను’ అన్నది ఈ శీర్షిక మొదట్లో చూసిన ‘చేద్దాం’కు అన్న వంటిది. ఆ వాక్యంలోనూ పని ఏదో లేదు, తేదీ లేదు. అందుకని ముందు ముక్కలుగా మాట తీసుకోండి: మొదటి నెల కొత్తగా వచ్చే బగ్‌లను విడదీసి గుర్తులు పెట్టడం, తర్వాత ఇతరుల ప్యాచులను రివ్యూ చేయడం, ఆ తర్వాత మీరు చూసి ఒప్పుకుంటేనే కలిపే అధికారం. విడుదలపై సంతకం చేసే తాళం మీ దగ్గరే ఉంచుకుని, దానికి రెండో మనిషిగా మీకు ముఖపరిచయం ఉన్న ఎవరినైనా చూడండి.

ఈలోగా మీ తీరికలేమిని దాచుకోవలసిన పని లేదు. లైనక్స్ కెర్నల్ మెయింటెయినర్ల ఫైలులో ప్రతి భాగానికీ స్థితి తెలిపే ఒక వరుస ఉంటుంది. జీతమిచ్చి చూసుకునే మనిషి ఉంటే ‘సపోర్టెడ్’. నిజంగా ఎవరో ఒకరు చూసుకుంటుంటే ‘మెయింటెయిన్డ్’. మనిషి ఉన్నాడు గాని అడపాదడపా ఒక ప్యాచ్ వేయడం మినహా అతనికి సమయం లేదనడానికి ‘ఆడ్ ఫిక్సెస్’. ఎవరూ లేకపోతే ‘ఆర్ఫన్’. మీది మూడోది. మీ రిపాజిటరీ మొదటి పేజీలో, పైనే, ఈ రాత్రే రెండు వాక్యాలు పెట్టండి: “ఈ లైబ్రరీని నెలకు ఒక్క ఆదివారం మాత్రమే చూస్తున్నాను. భద్రతకు సంబంధించిన లోపమైతే విడిగా రాయండి, వారంలోగా జవాబిస్తాను.” వారంలోగా ఇవ్వగలరని మీకు నమ్మకం లేకపోతే రెండు వారాలని రాయండి.